రోజూ నడిపే కారుకి పెద్ద బ్రేక్ కిట్ వేయించాలా, ప్యాడ్లు మారిస్తే చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా కారు రోజూ ఆఫీసుకి తిరిగేదే, కానీ ఆదివారం పొద్దున్నే ఘాట్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కాస్త హుషారుగా నడుపుతాను. పోయినసారి దిగుతుంటే ఏడెనిమిది మలుపుల తర్వాత పెడల్ మెత్తబడిపోయింది, మామూలుగా పట్టే చోటు దాటి చాలా కిందకి వెళ్లాక గానీ పట్టలేదు, ఒక మలుపులో రెండుసార్లు తొక్కాల్సి వచ్చింది. నిజంగా కాళ్లు వణికాయి. పక్కన ఆపి చల్లారాక మళ్లీ బాగానే ఉంది. నాలుగు చక్రాలకీ డిస్కులే, అన్నీ కంపెనీ ఇచ్చినవే. నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు), పెద్ద డిస్కులు ఉన్న కిట్ వేయిద్దామని చూస్తున్నా, ఫ్రెండ్ ఏమో చిల్లుల డిస్కులు చాలంటున్నాడు. ఇంట్లోవాళ్లూ ఎక్కే బండి. ముందు ఏది చేయించాలి?

జవాబు 1:
పెడల్ కిందకి పోయింది అన్నారు కదా, ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఫ్లూయిడ్‌నే (పెడల్ ఒత్తిడిని కాలిపర్ దాకా మోసే ద్రవం), మరిగి ఉంటుంది. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. రెండూ వేరు, మందు కూడా వేరు.

చివరిసారి ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు? అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా సరే, ఏళ్ల మీద హోస్‌ల (ఫ్లూయిడ్ వెళ్లే రబ్బరు గొట్టాల) గుండా కూడా చేరుతుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీళ్లు 3.7 శాతానికి చేరాక ఆ లెక్క 155కి పడిపోతుంది. డాట్ 5.1కి అవే 260, 180. మరిగినప్పుడు పుట్టే ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది, మీ కాలి బలం దానికే సరిపోతుంది, కాలిపర్ దాకా పోదు. డాట్ 4 వాడే బండిలో సాధారణంగా 5.1 పోయొచ్చు, ఓనర్ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, దాన్ని ముట్టుకోకండి, అంకె దగ్గరగా ఉందని పొరపాటు పడేవాళ్లున్నారు. పాతదంతా తీసి కొత్తది పోసేదాకా దయచేసి ఆ ఘాట్ ఎక్కకండి.

జవాబు 2:
పైన చెప్పింది అక్షరాలా నిజం. ప్యాడ్ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ట్రాక్ మీద వాడే ప్యాడ్లు రోజూ నడిపే బండికి వేశాను. వేడెక్కితే అద్భుతం, కానీ పొద్దున చలిలో మొదటి సిగ్నల్ దగ్గర అసలు పట్టలేదు, ముందున్న బండికి జానెడు దూరంలో ఆగాను. వారంలో తీసేశాను. మీకు కావలసింది చల్లగా ఉన్నా పట్టే, వేడిలో స్టాక్ (కంపెనీ ఇచ్చిన) వాటికంటే ఎక్కువ ఓర్చుకునే రోడ్డు ప్యాడ్లు.

వేశాక బెడింగ్, అంటే కొత్త ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయడం, తప్పనిసరి. ఖాళీ రోడ్డులో 80 నుంచి 20 దాకా ఓ మోస్తరు గట్టిగా ఎనిమిది, పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు, తర్వాత బ్రేక్ తొక్కకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి ఇస్తే అదే పాటించండి. వేడి మీద పెడల్ నొక్కిపట్టి నిలబెడితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట అచ్చు పడుతుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది, డిస్కు వంకర పోయిందని జనం మార్పించేస్తారు.

చిల్లుల డిస్కులు వద్దు. ఎక్కువ వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. మంచి సాదా వెంటిలేటెడ్ డిస్కు (మధ్యలో గాలి ఆడే ఖాళీలున్నది) చాలు.

జవాబు 3:
కిట్ గురించి నేను చెప్తాను. ఒక్కసారి గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేస్తోందా? అయితే చక్రాన్ని బిగించే శక్తి మీ బ్రేకులకి ఇప్పటికే ఉంది, ఆపే దూరం తగ్గించాలంటే టైర్లు చూడాలి. పెద్ద డిస్కు ఇచ్చేది పదేపదే తొక్కినప్పుడు వేడిని ఓర్చుకునే శక్తి. ముందు మాత్రమే పెద్దవి వేస్తే ముందు, వెనక మధ్య కంపెనీ లెక్కగట్టిన పంపకం మారిపోతుంది, పిస్టన్లు పెద్దవైతే మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) అంత ఫ్లూయిడ్ నెట్టే సత్తా చాలక పెడల్ ప్రయాణం పెరగొచ్చు, చక్రం లోపల కాలిపర్ పడుతుందో లేదో అదొకటి. వారానికోసారి ఘాట్ కోసం ఇంత అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. పాత బిల్లులు తీసి చూశాను, ఫ్లూయిడ్ మార్చి నాలుగేళ్లు దాటింది! చక్రాలు విప్పిస్తే ముందు ఎడమవైపు లోపలి ప్యాడ్ బాగా అరిగింది, బయటిది సగం కూడా అరగలేదు. స్టీల్ అల్లిక హోస్‌లు కూడా ఇప్పుడే వేయించనా?

జవాబు 1:
లోపలిదే అరిగిందంటే స్లైడ్ పిన్ (కాలిపర్ అటూఇటూ జరిగే కడ్డీ) బిగుసుకుపోయి ఉంటుంది, పిస్టన్ సరిగ్గా వెనక్కి రాకపోయినా ఇలాగే అవుతుంది, రెండూ చూడమనండి. పిన్లు శుభ్రం చేసి వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు పెట్టించండి, వాటి మీది రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగి ఉంటే అవీ మార్చండి. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, కొలిపించండి. హోస్‌లు వేస్తే పెడల్ కాస్త గట్టిగా తగులుతుంది, ఆపే దూరం మాత్రం తగ్గదు, పాత రబ్బరు పగిలి ఉంటే మాత్రం ఇప్పుడే మార్చండి, ఎలాగూ ఫ్లూయిడ్ తీస్తున్నారు. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌తో పట్టుకోండి. వేగంతో వేడి ఎంత పెరుగుతుందో చూడండి, 100లో ఉన్న బండి ఆపడానికీ 120లో ఉన్నది ఆపడానికీ వేడిలో 44 శాతం తేడా ఉంటుంది.