మాజ్దా 13బి రోటరీకి సొంతంగా ఇంటేక్ మానిఫోల్డ్: రన్నర్ల పొడవు ఎంత, తయారీ ఎలా?

ప్రశ్న

నమస్కారం. నేను సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానంలో టర్బో లేని, నాలుగు పోర్టుల (గాలి లోపలికి వెళ్లే రంధ్రాల) మాజ్దా 13బి రోటరీ ఇంజన్‌ను, అంటే పిస్టన్ల బదులు తిరిగే రెండు రోటర్లున్న ఇంజన్‌ను, అమరుస్తున్నాను. ఇది 2.85:1 గేర్‌బాక్స్ ద్వారా స్థిర పిచ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఇంజన్‌తో వచ్చిన కారు ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌కు గాలిని అందించే గొట్టాల అమరిక) చాలా బరువుగా ఉంది, పైగా దాని ఎత్తు వల్ల ఇంజన్ మీది కౌలింగ్ (మూత) మూసుకోవడం లేదు. అందువల్ల అల్యూమినియం గొట్టాలతో కొత్తది చేయాలనుకుంటున్నాను.

రన్నర్లు (పోర్టులకు గాలిని చేర్చే గొట్టాలు) వీలైనంత పొట్టిగా, నేరుగా ఉంటే చాలునని కొందరు చెబుతున్నారు. ఇంజన్ మీదుగా అవతలి వైపుకు వంచి పొడవుగా పెట్టుకుంటేనే శక్తి వస్తుందని మరికొందరు అంటున్నారు. నేను 6000 ఆర్‌పిఎమ్ దగ్గర నడపాలనుకుంటున్నాను. ఈ పొడవును లెక్కగట్టే పద్ధతి ఏమిటి? ప్లీనం (రన్నర్లు కలిసే గాలి పెట్టె) ఎంత పెద్దదిగా ఉండాలి? గొట్టాల బదులు ఫైబర్, ఎపాక్సీతో పోత పోసుకుంటే బరువు ఇంకా తగ్గుతుంది కదా, అది క్షేమమేనా?

మొదటి సమాధానం

పొడవు గురించి నేను చెబుతాను. పిస్టన్ ఇంజన్ కోసం రాసిన సూత్రాలను యథాతథంగా వాడితే తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే రోటరీ గాలిని పీల్చే తీరే వేరు. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా ఒక్కో రోటర్ ఒకసారి 654 సి.సి. గాలిని తీసుకుంటుంది. ఒక్కో స్ట్రోక్ 270 డిగ్రీల షాఫ్ట్ భ్రమణం పాటు సాగుతుంది కాబట్టి సైడ్ పోర్ట్ (ఇంజన్ పక్క గోడలో ఉండే ఇంటేక్ పోర్ట్) ప్రతి చుట్టులోనూ సుమారు 280 డిగ్రీలు తెరుచుకుని, మిగతా 80 డిగ్రీలు మాత్రమే మూసుకుని ఉంటుంది. నాలుగు స్ట్రోక్‌ల పిస్టన్ ఇంజన్‌లో వాల్వ్ మొత్తం చక్రంలో మూడో వంతు కాలమే తెరిచి ఉంటుందని గుర్తు చేసుకుంటే, రోటరీ రన్నర్‌లో గాలి ఎంత నిలకడగా సాగుతుందో అర్థమవుతుంది. అందుకే గొట్టం వ్యాసం మరీ పెద్దది కానక్కరలేదు. 6000 ఆర్‌పిఎమ్ వద్ద ఒక్కో రోటర్ సెకనుకు 65 లీటర్ల గాలిని తీసుకుంటుందనుకుంటే, రోటర్‌కు 38 మి.మీ. లోపలి వ్యాసం గల గొట్టాలు రెండు ఉన్నప్పుడు, పోర్ట్ తెరిచి ఉన్న కాలంలో సగటు గాలి వేగం సెకనుకు 37 మీటర్ల దగ్గర ఉంటుంది. ఇది ఇబ్బంది పెట్టే వేగం కాదు.

ఇక పొడవు. ఒక రోటర్ పోర్ట్ మూసుకున్నప్పుడు, కదులుతున్న గాలి అక్కడ ఆగిపోయి పీడన తరంగం పుడుతుంది. అది రన్నర్‌లో వెనక్కి వెళ్లి, రెండో రోటర్ రన్నర్‌లోకి దిగి, ఆ రెండో పోర్ట్ మూసుకోబోయే ముందు చేరితే అదనంగా కొంత గాలిని లోపలికి తోస్తుంది. 1980లలో మాజ్దా తన 13బి ఇంజన్లలో డైనమిక్ ఎఫెక్ట్ ఇంటేక్ పేరుతో వాడుకున్నది ఇలా ఒక రోటర్ తరంగాన్ని రెండో రోటర్‌కు అందించే పద్ధతినే. రెండు రోటర్ల మధ్య 180 డిగ్రీల తేడా ఉంటుంది. తరంగం 20 డిగ్రీల ముందుగా చేరాలనుకుంటే ప్రయాణానికి 160 డిగ్రీల కాలం ఉన్నట్లు. 6000 ఆర్‌పిఎమ్ వద్ద అది 4.4 మిల్లీసెకన్లు. ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లు అనుకుంటే దారి మొత్తం సుమారు 1.53 మీటర్లు. ఇది ఒక రన్నర్ పొడవు కాదు, ఒక పోర్ట్ ముఖం నుంచి రెండో పోర్ట్ ముఖం వరకు ఉన్న మొత్తం దారి. హౌసింగ్ (ఇంజన్ గుల్ల) లోపలి భాగం కూడా ఇందులో చేరుతుంది. మెత్తటి తీగను లోపలికి పంపి ఆ భాగం పొడవును కొలిచి మొత్తం నుంచి తీసివేయండి. మొదటి రన్నర్‌లో తరంగం గాలికి ఎదురుగానూ, రెండో దానిలో గాలితో పాటుగానూ వెళ్తుంది కాబట్టి గాలి వేగం ప్రభావం చాలావరకు రద్దవుతుంది.

ప్లీనం విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. రెండు రన్నర్లు కలిసే చోట పెద్ద పెట్టెను పెడితే తరంగం అందులో వ్యాపించి బలహీనపడుతుంది, దానిలో ఎక్కువ భాగం రుణాత్మక తరంగంగా వచ్చిన దారినే తిరిగిపోతుంది. ఈ పద్ధతిని ఎంచుకుంటే ప్లీనం చిన్నదిగా ఉండాలి, రన్నర్ల నోళ్లు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి.

రెండో సమాధానం

తయారీ గురించి నా అనుభవం చెబుతాను. గుండ్రటి గొట్టాన్ని పోర్ట్ ఆకారానికి నొక్కినప్పుడు చుట్టుకొలత మారదు కాని వైశాల్యం తగ్గుతుంది. 38 మి.మీ. గొట్టాన్ని 26 మి.మీ. ఎత్తుకు నొక్కితే వెడల్పు సుమారు 45 మి.మీ. అవుతుంది, వైశాల్యం 1134 నుంచి 1021 చదరపు మి.మీ.కు, అంటే పదో వంతు పడిపోతుంది. అందువల్ల పోర్ట్ వైశాల్యాన్ని ముందుగా కొలిచి, నొక్కిన తర్వాత దానికి సరిపోయే గొట్టాన్ని ఎంచుకోండి. గొట్టం లోపల ఉక్కు అచ్చును పెట్టి వైస్‌లో కొద్దికొద్దిగా నొక్కితే ముడతలు రావు.

ఫ్లాంజ్‌ను (మానిఫోల్డ్‌ను ఇంజన్‌కు బిగించే భాగాన్ని) 12 మి.మీ. పలకతో చేసి, వెల్డింగ్ చేసేటప్పుడు దాన్ని మందపాటి ఉక్కు దిమ్మకు బోల్టులతో బిగించండి. పూర్తిగా చల్లారేదాకా విప్పకండి. ఇంత చేసినా అది కొంత వంగుతుంది కాబట్టి చివరలో ముఖాన్ని మిల్లింగ్ చేయించడం తప్పనిసరి. 6061-టి6 రకం అల్యూమినియం గొట్టం వెల్డింగ్ పక్కన తన బలంలో మూడో వంతుకు పైగా కోల్పోతుందన్నది మరవకూడదు. నా మొదటి మానిఫోల్డ్ సరిగ్గా అక్కడే పగిలింది. తప్పు వెల్డింగ్‌ది కాదు. థ్రాటిల్ బాడీని (లోపలికి వెళ్లే గాలిని నియంత్రించే భాగాన్ని) నేను ఏ ఆధారమూ లేకుండా గొట్టాల చివర వేలాడదీశాను. ఇప్పుడు ఇంజన్ బ్లాక్ నుంచి రెండు దిశల్లో బ్రాకెట్లు పెట్టాను. బ్రాకెట్‌ను ఫైర్‌వాల్‌కో (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉన్న గోడకో) ఇంజన్ మౌంట్‌కో కట్టకండి. ఇంజన్ రబ్బరు మీద కదులుతుంటే అవి కదలవు, ఆ బలమంతా గొట్టాల మీద పడుతుంది.

బిగించే ముందు లోపలి భాగాన్ని అద్దం పెట్టి చూడండి. ఊడివచ్చే చిన్న వెల్డింగ్ పూస చాలు రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీల్‌ను విరగ్గొట్టడానికి. రెండు చివరలూ మూసి, లోపలికి స్వల్ప పీడనంతో గాలి పంపి, అతుకుల మీద సబ్బునీరు రాస్తే లీకులు తెలుస్తాయి. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు మానిఫోల్డ్ పీడనం దాదాపు బయటి పీడనానికి సమానం కాబట్టి చిన్న లీకు టేకాఫ్‌లో బయటపడదు. థ్రాటిల్ మూసి దిగేటప్పుడు ఒక రోటర్ మాత్రం తడబడుతూ కనిపిస్తుంది, కారణం వెతకడం అప్పుడు చాలా కష్టం.

మూడో సమాధానం

ఎపాక్సీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. దయచేసి ఆ ఆలోచనను తొందరపడి అమలు చేయకండి. 13బిలో ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి, రోటరీ ఎగ్జాస్ట్ పిస్టన్ ఇంజన్ ఎగ్జాస్ట్ కన్నా వేడిగా ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్యే మెత్తబడడం మొదలుపెడతాయి. ఎగురుతున్నప్పుడు లోపల సాగే గాలి గోడలను చల్లగా ఉంచవచ్చు, కాని ఇంజన్ ఆపిన తర్వాత కౌలింగ్ కింద వేడి పైకి ఎగబాకుతుంది. ఆ వేడిలో కాస్త వంగిన గొట్టం తర్వాతి టేకాఫ్‌లో పీల్పుకు లోపలికి కుంగితే ఇంజన్‌కు గాలి అందదు. ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన భాగాలకూ ఇదే వర్తిస్తుంది.

అదే వేడి కారణంగా, ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టం) ఎగ్జాస్ట్‌కు సరిగ్గా పైన రాకుండా చూసుకోండి. తప్పకపోతే మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ కవచం పెట్టండి. ఇంజెక్టర్ల తర్వాతి భాగంలో మామూలు సిలికాన్ హోస్ వాడకండి, పెట్రోల్‌కు అది తట్టుకోదు. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది కావాలి. రోటర్‌కు రెండు ఇంజెక్టర్లు పెడుతున్నట్లయితే ఏ ఒక్క జత పనిచేసినా విమానం ఎగరగలిగేలా వాటి పరిమాణాన్నీ వైరింగ్‌నూ ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఎపాక్సీ ఆలోచన విరమించుకున్నాను. పోర్ట్ లోపలి దారిని తీగతో కొలిచి లెక్కవేస్తే, ఇంజన్ మీదుగా వంచిన రన్నర్లు కౌలింగ్ కింద సరిపోతున్నాయి. ఒక సందేహం మిగిలింది: నా ప్రొపెల్లర్‌తో నేల మీద నిలిచి ఉన్నప్పుడు ఇంజన్ 5400 దాటకపోవచ్చు. అప్పుడు 6000కే లెక్క కట్టడం సరైనదేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మంచి ప్రశ్న. నేనైతే 5400కు దగ్గరగానే పెడతాను. స్థిర పిచ్ ప్రొపెల్లర్‌కు శక్తి అత్యవసరమయ్యేది రన్‌వే మీదా తొలి ఆరోహణలోనూ. అక్కడ టార్క్ పెరిగితే ఆర్‌పిఎమ్ కూడా పెరుగుతుంది. 5400కు దారి సుమారు 1.70 మీటర్లు వస్తుంది. సెంటీమీటర్ల కోసం మథనపడకండి. గాలి 40 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ధ్వని వేగం 355 మీటర్లు, సున్నా దగ్గర 331. అంటే ఎండలో 6000కు కుదిరిన మానిఫోల్డ్ చలిలో 5600 దగ్గర కుదురుతుంది. 1.65 మీటర్లతో మొదలుపెట్టి, ప్లీనం దగ్గర చిన్న హోస్ అతుకు ఉంచుకుంటే, నేల మీద పరీక్షించి గొట్టాన్ని కోసి సరిచేసుకోవచ్చు. కోయడం తేలిక, అతకడం కష్టం కాబట్టి కాస్త పొడవు వైపే ఉండండి.