జీనియా, జీఎస్‌పీ ట్యాంకంతా పాకినయి: రాళ్ల మీద మరిగే నీళ్లు పోయొచ్చా?

హనుమకొండ_రీఫ్:

అందరికీ నమస్తే. నాది పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, 36×18×18 అంగుళాలు, రాళ్లు, ఇసుక పోను 155 లీటర్ల నీళ్లు ఉంటయి. ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), వేడి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (క్షారగుణం) 8.1 డీకేహెచ్, నైట్రేట్ 25 పీపీఎం, ఫాస్ఫేట్ 0.2 పీపీఎం. స్కిమ్మర్ (నురగతోటి మురికి తీసే మెషీన్) నడుస్తది, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టలే. నడిమి రాయి మీద పెట్టిన జీనియా అనే సాఫ్ట్ కోరల్ (మెత్తటి పగడం) ఇప్పుడు చుట్టూ ఉన్న రాళ్లన్నిటికీ ఎక్కింది. జీఎస్‌పీ (గ్రీన్ స్టార్ పాలిప్, ఇది కూడా సాఫ్ట్ కోరలే) ఎనక అద్దం మీదికి పాకింది. రెండు కలిసి మష్రూమ్ పగడాలను కమ్మేస్తున్నయి. పక్కనే ఉన్న లెదర్ కోరల్ ముడుచుకునే ఉంది, పైన మెరిసే పొర కట్టింది.

రెండు ఆలోచనలు ఉన్నయి. చేపలకు మేత బంద్ పెట్టి జీనియాను మాడగొట్టుడు, లేకపోతే రాళ్లు బయటికి తీసి మరిగే నీళ్లు పోసుడు. ఆ రాళ్ల మీద జోవాలు (జోవాంథిడ్‌లు, పగడాల లెక్క గుంపుగ పెరిగే జీవులు) కూడా ఉన్నయి, పోతే పోనీ. ఏది నయం?

ఉప్పునీటి_తొట్టి:

రెండూ వద్దు తమ్ముడూ. ముందు వేడినీళ్ల సంగతి, ఎందుకంటే అది పగడాలకు కాదు, మీ ఇంట్లోవాళ్లకు ప్రమాదం. జోవాల్లో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. మరిగే నీళ్లకు అది నశించదు. ఆవిరితో, తుంపరతో గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలా రాళ్లు ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో నమోదై ఉన్నాయి. ఎండిన రాయిని బ్రష్‌తో గీకడం, పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగడం కూడా అంతే. జోవాలున్న రాయిని ముట్టుకుంటే నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చేతి మీద గాయం ఉంటే ఆ పని ఇంకో రోజుకు పెట్టుకో. పని అయ్యాక నోట్లో ఇనుము నాకినట్టు రుచి, దగ్గు, చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, పాలీటాక్సిన్ అన్న మాట కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వు.

ఇక మేత. జీనియాకు ఎక్కువ బలం వెలుతురు నుంచే వస్తుంది, దాని ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాల (కంటికి కనిపించని నాచు) ద్వారా. పైగా నీళ్లలో కరిగిన పోషకాలను నేరుగా పీల్చుకుంటుంది. మేత ఆపితే ముందు చిక్కిపోయేది చేపలే. నైట్రేట్ 25, ఫాస్ఫేట్ 0.2 అంటే దానికి మంచి ఎరువు, నిజమే. నైట్రేట్‌ను మెల్లగా 5-10 మధ్యకు, ఫాస్ఫేట్‌ను 0.05 దరిదాపులకు దించితే పెరుగుదల నెమ్మదిస్తుంది. సున్నాకు తేవద్దు, డైనోఫ్లాజెల్లేట్‌లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా ఇసుకంతా కప్పేస్తాయి. ఇంకోటి, అంత జీనియా ఒక్కసారి కరిగిపోతే 155 లీటర్లలో అమ్మోనియా లేస్తుంది. చచ్చేదాకా చూసే బదులు బతికి ఉన్నప్పుడే కోసి బయటికి తీయడం మేలు.

కరీంనగర్_కోరల్:

కోసుడు ఎట్లనో నేను చెప్త. ఒక్క దినంల అంతా పీకొద్దు. మూడో వంతు తీయి, వారం ఆగి మళ్లీ తీయి. అది పీల్చే పోషకాలన్నీ ఒక్కసారి మిగిలితే నాచు లేస్తది.

పంపులన్నీ బంద్ చెయ్. 12 మిల్లీమీటర్ల సన్న పైపుతోటి సైఫన్ పెట్టి, దాని మూతి జీనియా మొదట్లనే పట్టుకో. ఇంకో చేత్తోటి సర్జికల్ బ్లేడ్ పెట్టి అడుగు పాదంతో సహా రాయి నుంచి లేపు. తెగిన ముక్క తెగినట్టే పైపుల పడాలె. కాండం నడిమికి కోస్తే లాభం లేదు, మిగిలిన పాదంలకెళ్లి మళ్లీ మొలుస్తది. రాయి బొరియలల్ల ఇరుక్కుంటే రాయిని బకెట్ల ట్యాంకు నీళ్లల్ల పెట్టి, కట్టర్ తోటి ఆ రాతి పెచ్చే ఊడగొట్టు. జోవాలున్న రాయి మాత్రం బయట పెట్టి పెచ్చులు కొట్టకు.

జీఎస్‌పీ అలకటి పని. ఊదారంగు చాప లెక్క ఉంటది కదా, అద్దం మీదకెళ్లి పాత ఏటీఎం కార్డు తోటి ఒక మూల లేపితే పట్టా లెక్క వస్తది. అంచుల చిన్న ముక్క మిగిలినా మళ్లీ పాకుతది, కాబట్టి అద్దం మూలలు చూసుకో. కెన్యా ట్రీ అనే ఇంకో సాఫ్ట్ కోరల్ మాత్రం కొనకు. అది కొమ్మలు తానే రాల్చుకుంటది, పవర్‌హెడ్ (ట్యాంకుల నీళ్లు తిప్పే పంపు) ధారకు ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటది.

అసలు తప్పు జాగలనే ఉంది. ఈ రెంటినీ పెద్ద రాయికి ఆనిచ్చి పెట్టొద్దు. ఇసుక నడుమ పిడికిలంత రాయి విడిగా పెట్టి, చుట్టూ ఎటు చూసినా 4 అంగుళాల ఇసుక వదులు. ఉట్టి ఇసుక మీద పాకుడు కష్టం. జీనియా వంగి పక్క రాయిని పట్టుకునే రకం, కాబట్టి దానికి ఇంకా ఎడం ఇయ్యి.

కోసిన ముక్కలు ఎవరికన్న ఇయ్యాలంటే: జీనియాకు జిగురు ఆగదు, బంక కారుతది. ప్లాస్టిక్ గిన్నెల రాతి ముక్కలేసి, మీద జీనియా ముక్కలు పరిచి, దోమతెర గుడ్డ వేసి రబ్బర్ బ్యాండ్ పెట్టు. నీళ్లు మెల్లగా ఆడే చోట ఉంచితే వారం లోపల పట్టుకుంటయి. జీఎస్‌పీ చాపకైతే సూపర్ గ్లూ జెల్ రకం చాలు, అడుగు తడి గుడ్డతోటి తుడిచి రాయికి ఒత్తు.

హనుమకొండ_రీఫ్:

మస్తు సమాచారం అన్నా. ఇంకో రెండు: ఎండకాలం మొదలైంది, మే నెలల మా రూం 38 దాటుతది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేదు. ట్యాంకు ఉన్న రూంలనే పెద్ద కూలర్ నడుస్తది. ఇగ నీళ్లు: వంటింటి ఆర్‌వో నీళ్లే వాడుతున్న. దోస్తు రామేశ్వరం పోతుండు, సముద్రపు రాయి తెస్తా అంటుండు, తెమ్మందునా?

ఉప్పునీటి_తొట్టి:

రాయి వద్దని ఫోన్ చేసి చెప్పు. అది మన్నార్ సింధుశాఖ ప్రాంతం. గట్టి పగడాలు, సీ ఫ్యాన్‌లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు. పొడి రాయి కొనుక్కుని, దానిమీదే బాక్టీరియా పట్టించుకో.

ఆర్‌వో దగ్గర ఒక చిక్కుంది. వంటింటి మెషీన్లలో నీళ్లకు రుచి రావాలని మినరల్ క్యాట్రిడ్జ్, టీడీఎస్ కంట్రోలర్ పెడతారు. అంటే వడపోసిన దాంట్లో మళ్లీ కొంత కలుపుతారు. మనిషికి మంచిదే, ట్యాంకుకు కాదు. మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టానికి ఆ రెంటికీ ముందే టీ-జాయింట్ పెట్టి నీళ్లు పట్టు. బోరు నీళ్లు 800 టీడీఎస్ ఉంటే, మెంబ్రేన్ 95 శాతం ఆపినా 40 మిగులుతుంది. నైట్రేట్ అందులో అంత బాగా ఆగదు. నీ 25లో కొంత అక్కడి నుంచే రావచ్చు, వట్టి ఆర్‌వో నీళ్లకే ఒకసారి టెస్ట్ చేసి చూడు. తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే, రంగు మారే డీఐ రెజిన్ గొట్టం ఒకటి కలిపితే టీడీఎస్ సున్నా వస్తుంది. భగీరథ నల్లా అయితే క్లోరిన్ ఉంటుంది, మెంబ్రేన్ ముందు కార్బన్ ఫిల్టర్ మార్చే తేదీ మరిచిపోవద్దు.

కూలర్ విషయం చాలామంది గమనించరు. నీటి మీదికి ఫ్యాన్ పెడితే ఆవిరి వల్ల 3, 4 డిగ్రీలు తగ్గుతుంది, అదీ గాలి పొడిగా ఉంటేనే. కూలర్ గదిలో తేమ నింపుతుంది, దాంతో ఫ్యాన్ పని సగం ఆగిపోతుంది. కూలర్ నడిపితే కిటికీ తెరిచి ఉంచు, లేదా ట్యాంకును ఏసీ గదికి మార్చు. జూన్ తర్వాత ముసురు పట్టిన రోజుల్లోనూ ఫ్యాన్ అంత పనిచేయదు. లైట్లు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం 4 నుంచి రాత్రి 12 వరకు పెట్టు. 30 దాటి రోజుల తరబడి ఉంటే సాఫ్ట్ కోరల్స్ కూడా రంగు కోల్పోతాయి. నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, కాబట్టి కరెంటు పోతే ముందు చూడాల్సింది గాలి సంగతి. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి చార్జింగ్‌లోనే ఉంచుకో.

ఫ్యాన్ పెట్టాక రోజుకు 5 లీటర్లు ఎగిరితే ఉప్పు 35 నుంచి 36 దాటుతుంది, రెండు రోజులు పోయకపోతే 37 పైన. పోగొట్టుకున్నది మంచినీళ్లే, ఉప్పు కాదు. అందుకే డీఐ నీళ్లే పోయాలి, కలిపిన ఉప్పునీళ్లు కాదు. ఫ్లోట్ ఉన్న ఆటో టాప్-అప్ పెడితే నిశ్చింత. దాని బకెట్ మాత్రం 20 లీటర్లకు మించనీయకు, ఫ్లోట్ ఇరుక్కున్న రోజు అదంతా ట్యాంకులోకే పోతుంది.

కరీంనగర్_కోరల్:

లెదర్ గురించి ఎవరూ చెప్పలే. మెరిసే పొర మామూలే, అది తోలు వలుచుకుంటది. పవర్‌హెడ్ ధార పక్కకెళ్లి తగిలేటట్టు తిప్పు, పొర కొట్టుకపోతది. చేత్తోటి పీకకు. వారం, పది రోజులు దాటినా తెరుచుకోక, వాసన వచ్చి ఒక తావున నల్లగ కుళ్లుతుంటే, కుళ్లిన భాగం దాటి మంచి కండ దాకా కోసెయ్.

లెదర్ నీళ్లల్లకు టెర్పీన్‌లు అనే రసాయనాలు వదులుతది, చుట్టుపక్కల పగడాలకు అవి పడవు. 150 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ ఆర్‌వో నీళ్లల్ల కడిగి, సంప్‌ల (ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టిల) నీళ్లు పారే చోట సంచిల పెట్టు, మూడు వారాలకోసారి మార్చు. జీనియా కోసిన దినం కొత్త కార్బన్ పెట్టుడు మరువకు. ఆ రాత్రి స్కిమ్మర్ పొంగుతది, కప్పు కింద బకెట్ పెట్టి పండుకో. తెల్లారి 20 లీటర్ల నీళ్లు మార్చు. లీటరుకు 37 గ్రాముల లెక్కన 740 గ్రాముల ఉప్పు పడతది, బ్రాండును బట్టి కొంచెం అటు ఇటు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణం తోటే సరి చేసుకో, ఉట్టి ఆర్‌వో నీళ్లతోటి సున్నా చూసుకుంటే పైన తేడా తెల్వది. ఆల్కలినిటీ, కాల్షియం విడిగా పోసే అక్కర లేదు, సాఫ్ట్ కోరల్స్ అంత తినవు, ఈ నీళ్ల మార్పిడే సరిపోతది.