ట్యాక్ చేసిన చిట్టెలుకల్లో కొన్నింటికి గుండె మందమెక్కట్లేదు, ఎందుకు?

నాలుగోగది:
సి57బిఎల్/6 మగ చిట్టెలుకలు, 8–10 వారాలవి, 22–25 గ్రాములు. ఛాతీ తెరిచి బృహద్ధమని వంపును 27 గేజ్ సూదితో కలిపి 7-0 పట్టుదారంతో కట్టి, సూది లాగేస్తున్నాం. ఇదే ట్యాక్: వంపు ఇరుకై గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది. 4 వారాలకు కొన్నింటి గుండె బాగా పెరిగింది, కొన్నింటికీ షామ్‌కీ (ఛాతీ తెరిచినా ముడి వేయనివాటికీ) తేడా లేదు. రెండు బ్యాచ్‌లూ ఇంతే. యాంజియోటెన్సిన్ (రక్తపోటు పెంచే హార్మోన్) ఎక్కించే పంపుకు మారిపోవడం మేలా?

ముడి27:
గుండె పెరగలేదు సరే, దాని మీద ఒత్తిడి పడిందా? అది ముందు తేల్చండి. సర్జరీ అయిన వారానికి రెండు కెరోటిడ్‌ల (మెడలోని ధమనుల) మీదా డాప్లర్ (రక్త వేగం కొలిచే అల్ట్రాసౌండ్) పెట్టండి. ముడి ఇన్నామినేట్‌కూ (వంపు నుంచి వచ్చే మొదటి కొమ్మ) ఎడమ కెరోటిడ్‌కూ మధ్య పడుతుంది కాబట్టి కుడి కెరోటిడ్‌కి ముడి ముందరి రక్తం, ఎడమదానికి ముడి దాటిన రక్తం వెళ్తాయి. షామ్‌లో రెండు వేగాలూ దాదాపు సమానం. ముడి బాగా బిగిస్తే కుడివైపు వేగం ఎడమకు ఐదు రెట్లు, అంతకు మించి కూడా ఉంటుంది. ఎంత నిష్పత్తి లోపు ఉంటే తీసేస్తారో ముందే రాసిపెట్టుకోండి. గుండె తూచాక తీసేస్తే నచ్చిన ఫలితాన్ని ఏరుకున్నట్టే.

వదులయ్యేది ఎక్కువగా మొదటి ముడికీ రెండో ముడికీ మధ్యే. ధమనితో పాటు కాస్త కొవ్వో థైమస్ ముక్కో ఉచ్చులో పడినా అంతే: ఆ క్షణాన బిగుతుగా కనిపిస్తుంది, అది నలిగాక సందు పెరుగుతుంది. వంపు కింద శుభ్రంగా విడదీశాకే దారం తిప్పండి. రెండో ముడి పడగానే సూది తీసేయాలి. సూది ఉన్నంతసేపూ రక్తం దాదాపు ఆగిపోయినట్టే, ఎడమ జఠరిక ఉబ్బిపోతుంది.

వారానికి బాగున్న నిష్పత్తి 4 వారాలకు పడిపోయిందంటే దారం గోడను కోసుకుంటూ లోపలికి దిగిందేమో చూడాలి. అప్పుడు రక్తం దారం చుట్టూ దారి చేసుకుంటుంది. అందుకే చివర్లో ఇంకోసారి డాప్లర్ తప్పదు. దారం బదులు లోపలి వ్యాసం ఖాయంగా ఉండే ఓ-రింగ్ (చిన్న ఉంగరం) వేస్తే ఈ తేడాలు బాగా తగ్గుతాయి.

టిబియా:
ఎలుక జాతి పేరు ఉత్త 6 అని రాశారు. 6జె నా, 6ఎన్ నా? 6జె లో మైటోకాండ్రియాకు చెందిన ఎన్‌ఎన్‌టి జన్యువు చెడిపోయి ఉంటుంది, 6ఎన్ లో బాగానే ఉంటుంది. ట్యాక్‌కి ఈ రెండూ ఒకేలా స్పందించవు. షామ్ ఒకటి, ట్యాక్ ఇంకోటి అయితే ఆ లెక్క పనికిరాదు.

గుండె బరువును ఒంటి బరువుతో భాగిస్తున్నారా? సర్జరీ తర్వాత చిక్కిపోయిన ఎలుకకు గుండె ఉత్తినే పెరిగినట్టు కనిపిస్తుంది. టిబియా (మోకాలి కింది ఎముక) పొడవుతో భాగించండి. గదుల్లో రక్తం పిండి, అద్ది, ఆ తర్వాతే తూకం. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీసేటప్పుడు మత్తుకిచ్చే ఐసోఫ్లూరేన్ 1–1.5 శాతం దాటనివ్వకండి. గుండె నిమిషానికి 450 కంటే తక్కువ కొట్టుకుంటుంటే ఆ కొలతలు నమ్మొద్దు, మత్తు వల్లే సంకోచం నీరసంగా కనిపిస్తుంది.

ఎడమగది:
పంపు సంగతి. యాంజియోటెన్సిన్ రక్తపోటు పెంచడంతో ఆగదు, కణాల మీద నేరుగానూ పనిచేస్తుంది. రక్తనాళాల చుట్టూ ఫైబ్రోసిస్ (మచ్చలాంటి నార కణజాలం) ఎక్కువ. దాన్ని ట్యాక్‌కి బదులు అనుకోకూడదు, ప్రశ్నే మారిపోతుంది. గుండెను ఉరికించే మందు ఐసోప్రొటెరెనాల్ ఎక్కువైతే ఎండోకార్డియం (గుండె లోపలి పొర) పక్కన కండరం చచ్చిపోతుంది. నెమ్మదిగా పెరిగే రక్తపోటే కావాలంటే 1963లో క్యోటోలో ఒకామోటో, ఆవోకీ వెలుగులోకి తెచ్చిన, వాటంతట అవే రక్తపోటు పెరిగే ఎస్‌హెచ్‌ఆర్ ర్యాట్‌లు ఉన్నాయి, కానీ నెలల తరబడి ఆగాలి.

వంశపారంపర్య హైపర్ట్రఫీయే (గుండె కండరం మందమవడమే) మీ ప్రశ్న అయితే వీటిలో ఏదీ వద్దు. అప్పుడు చిట్టెలుకనే వాడినా, దాని జఠరికలో ఆల్ఫా మయోసిన్ (కండరాన్ని ముడిచే ప్రోటీన్), మనిషిలో బీటా అన్నది మర్చిపోవద్దు. కుందేలుకు బీటానే.

నాలుగోగది:
6జె లే, రెండు గుంపులూ. మొదటి బ్యాచ్ వంపులు ఫార్మలిన్‌లో ఉన్నాయి. వాటితో ఏమైనా తెలుస్తుందా?

ముడి27:
దారం గోడ బయట ఉందో లోపలికి దిగిందో తెలుస్తుంది. మైక్రోస్కోప్ కింద పొడవునా కోసి, లోపలి వైపు నుంచి చూడండి. ఒత్తిడి ఎంత పడిందన్నది మాత్రం వాటితో తేలదు.