తీరంపై సైన్యం దిగేటప్పుడు ఇంజనీర్ల పని ఏమిటి?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం):
పెద్దలకు నమస్కారం. ఓడలు నౌకాదళానివి, పోరాటం పదాతిదళానిది అయినప్పుడు, సముద్రం మీదుగా జరిగే దాడిలో సైనిక ఇంజనీర్ల ప్రత్యేకత ఏమిటో దయచేసి వివరించగలరా?

జవాబు (విశ్రాంత సుబేదారు, కళింగపట్నం):
బాబూ, వారి పని దాడికి నెలల ముందే మొదలవుతుంది. మా వంశధార మొగ దగ్గర ఒకచోట ట్రాక్టరును మోసే ఇసుక, నాలుగడుగులు దాటితే చక్రాన్ని ఇరుసు దాకా మింగేస్తుంది. ఇక ట్యాంకు సంగతి చెప్పాలా? అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 డిసెంబరు 31 రాత్రి, బ్రిటిష్ సైనిక ఇంజనీర్ల దళమైన రాయల్ ఇంజనీర్స్ అధికారి లోగన్ స్కాట్-బౌడెన్, సార్జెంటు బ్రూస్ ఆగ్డెన్-స్మిత్ జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి ఈదుకుంటూ వెళ్లి, జర్మన్ కాపలావాళ్ల కన్నుగప్పి ఇసుక నమూనాలు తెచ్చారు. మెత్తని నేలపై మందపాటి గుడ్డను పరుచుకుంటూ సాగే ట్యాంకులను కూడా బ్రిటిష్ వారు సిద్ధం చేసుకున్నారు.

జవాబు (చరిత్ర ఉపాధ్యాయురాలు, విజయనగరం):
సుబేదారు గారు ముందస్తు పని చెప్పారు. అసలు కష్టం దాడి నాటిది. 1944 జూన్ 6న నార్మండీలో ఒమాహా అని పేరు పెట్టిన తీరంలో నీరు తగ్గి ఉన్నప్పుడే దిగి, ఉక్కు అడ్డంకులనూ, మందుపాతరలు కట్టిన దుంగలనూ పోటు ముంచేలోగా పేల్చి, వెనుక వచ్చే పడవలకు దారులు తెరవడం అమెరికన్ ఇంజనీర్ల బాధ్యత. తుపాకీ గుండ్లకు తాళలేక సొంత సైనికులే ఆ అడ్డంకుల చాటున నక్కడంతో చాలాచోట్ల మందు పేల్చే వీలే లేకపోయింది. అనుకున్న దారుల్లో కొన్నే తెరుచుకున్నాయి.

జవాబు (సుబేదారు):
నిజమేనమ్మా. సరుకు దింపడం కూడా వారి పనే. జూన్ 19న మొదలైన తుపానుకు అక్కడి కృత్రిమ రేవు ధ్వంసమైన తరువాత, ఓడలను నేరుగా ఇసుక మీదికే చేర్చి సరుకు దింపించారు.