కకాపో గుడ్లను తల్లి కిందే వదిలేయాలా, మనమే పొదిగించాలా?

అడవిబాట:
న్యూజిలాండ్ కకాపో గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఎగరలేని చిలుక, రాత్రిపూట తిరుగుతుంది. చిలుకలన్నింటిలోకీ బరువైనది ఇదే, మగది తేలిగ్గా రెండు కిలోలు దాటుతుంది. 1995లో లెక్కకు దొరికినవి 51. 2026 మొదట్లో 240 దగ్గర్లో ఉన్నాయి. ఆ పెరుగుదల ఊరికే రాలేదు. ప్రతి పక్షి వీపుకీ ట్రాన్స్‌మిటర్ కట్టారు, గుడ్లు తీసి ఇంక్యుబేటర్లలో పొదిగించారు, తల్లి మోసపోయేలా గూట్లో ఉత్తుత్తి గుడ్డు పెట్టారు, బలహీనమైన పిల్లల్ని చేత్తో పెంచారు.

అక్కడి అడవుల్లోని రిము అనే చెట్లు పండ్లతో విరగకాసిన ఏడాదే ఇవి జత కడతాయి. 2022 తర్వాత మళ్లీ 2026 దాకా ఆ అవకాశం రాలేదు. ఇంత విలువైన సీజన్‌లో కకాపో రికవరీ బృందం కాస్త చేయి వెనక్కి తీసుకుంటామని, ఎక్కువ గుడ్లను గూళ్లలోనే వదిలేస్తామని చెప్పింది. నాకిది మింగుడుపడటం లేదు. రెండు నుంచి నాలుగేళ్లకోసారి పెట్టే గుడ్డు అది. కాపాడే దారి తెలిసి కూడా వదిలేయడం న్యాయమేనా? మీరంతా ఏమంటారు?

కడప_పక్షి:
అడవిబాట గారితో నేను ఏకీభవిస్తున్నాను. నా కారణం వేరే. మా శ్రీలంకమల అడవుల్లోని కలివికోడి ఎగరగలిగే పక్షే, అయినా 1986లో మళ్లీ కనబడేవరకు అది లేదనే అనుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు కనబడి, మళ్లీ ఏళ్ల తరబడి ఆచూకీ లేకుండా పోయింది. ఎన్ని ఉన్నాయో, ఎక్కడ గుడ్లు పెడుతున్నాయో చెప్పేవాళ్లే లేకపోతే కాపాడటం అన్న మాటకు అర్థం ఉండదు. న్యూజిలాండ్‌లో ప్రతి కకాపోకూ ఒక పేరుంది, దాని తల్లీ తండ్రీ ఎవరో తెలుసు. అంత శ్రద్ధను తగ్గించమని అడగడానికి నాకు మనసు రావడం లేదు.

రమణి_పశువైద్యం:
అడవిబాట గారూ, మీ బాధ అర్థమైంది. కానీ శ్రద్ధ తగ్గించడం, చేయి తగ్గించడం రెండూ ఒకటి కావు. ఆ బృందం చేస్తున్నది సరైన పనేనని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మొదట తిండి సంగతి చూడండి. ఆడపక్షులు బలంగా ఉంటే ఎక్కువ గుడ్లు పెడతాయని వాటికి అదనంగా మేత పెట్టారు. అలా బరువెక్కిన తల్లులకు మగపిల్లలే ఎక్కువ పుట్టారు. అసలే ఆడవి తక్కువ ఉన్న జాతిలో అది పెద్ద దెబ్బ. తర్వాత తల్లి బరువు ఒక హద్దు దాటకుండా మేతను కొలిచి పెట్టడం మొదలుపెట్టాకే ఆ తేడా సర్దుకుంది. 2002లో రిము బాగా కాసింది, 24 పిల్లలు బతికాయి, సంఖ్య 86కి చేరింది. మంచి మనసుతో చేసిన సాయం కూడా ఎదురు తిరగవచ్చని ఆ మేత చూపించింది.

రెండోది చేత్తో పెంచడం. సిరోకో అనే మగకకాపో పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1997లో పుట్టింది, ఊపిరితిత్తుల జబ్బు వల్ల చిన్నప్పుడే తీసి మనుషుల మధ్య పెంచారు. పెద్దయ్యాక దానికి ఆడకకాపోల మీద ధ్యాసే లేదు, మనుషుల్నే తన జాతి అనుకుంది. 2009లో ఒక టీవీ కార్యక్రమం కోసం వచ్చిన మనిషి తల మీదెక్కి జత కట్టబోయింది. ఆ వీడియో చూసి ప్రపంచమంతా నవ్వింది, దానివల్ల ప్రచారం వచ్చిన మాటా నిజమే. కానీ జాతి పెరగడానికి మాత్రం ఆ మగపక్షి అక్కరకు రాలేదు. ఆ అనుభవంతో చేత్తో పెంచే పిల్లల్ని ఒంటరిగా కాకుండా గుంపుగా పెంచి, వీలైనంత తొందరగా అడవికి పంపుతున్నారు.

మూడోది రద్దీ. 2019లో మునుపెన్నడూ లేనంతగా 70కి పైగా పిల్లలు బతికాయి. అదే ఏడాది కకాపోలుండే వెనువా హో దీవిలో ఆస్పర్‌జిల్లోసిస్ అనే బూజు జబ్బు ఊపిరితిత్తులకు పట్టింది. 21 పక్షులు జబ్బుపడ్డాయి, 9 చనిపోయాయి. మిగతావాటిని హెలికాప్టర్లలో ఆసుపత్రులకు చేర్చి నెలల తరబడి వైద్యం చేశారు. సంఖ్య పెంచుకుంటూ పోతే వాటన్నింటినీ వేటజంతువులు లేని ఆ కొద్ది దీవుల్లోనే ఇరికించాలి.

లెక్కల మాస్టారు:
రమణిగారి మూడో మాటకు నేను కొంత కలుపుతాను. అసలు చిక్కు గుడ్లలో లేదు, నేలలో ఉంది. కకాపోను పూర్వం వేటాడింది గద్దల వంటి పక్షులు, అవి కంటితో వెతుకుతాయి. అందుకే ప్రమాదం రాగానే కదలకుండా నిలబడిపోవడం దీనికి అలవాటైంది. ఆకుపచ్చ రంగు నాచులో కలిసిపోతుంది కూడా. కానీ మనుషులు ఓడల్లో తెచ్చిన స్టోట్లు (ముంగిసలాంటి చిన్న వేటజంతువులు), పిల్లులు, ఎలుకలు వాసనతో వెతుకుతాయి. కకాపో ఒంటికేమో తేనె, బూజు కలిసినట్టుండే గాఢమైన వాసన. నిలబడిపోవడమే దాని ప్రాణం తీసింది.

రిచర్డ్ హెన్రీ అనే ఆయన 1890లలో వందల పక్షుల్ని పట్టి రెజల్యూషన్ దీవికి తరలించాడు. 1900 నాటికి స్టోట్లు ఈదుకుంటూ అక్కడికీ చేరాయి, ఆయన శ్రమంతా పోయింది. వందేళ్లు దాటినా లెక్క మారలేదు, శత్రువు లేని నేల ఎంతో పక్షులూ అంతే. వెనువా హోలో ఎలుకల్ని పూర్తిగా తీసేసింది 1998లో. 2023లో ప్రధాన భూభాగంలో మౌంగతౌటారి కొండ చుట్టూ కంచె ఉన్న అభయారణ్యంలో కొన్ని మగపక్షుల్ని వదిలితే, ఎగరలేకపోయినా చెట్లెక్కి కంచె దాటేశాయి కొన్ని. వాటిని పట్టి వెనక్కి తేవాల్సి వచ్చింది. 2050 నాటికి దేశం మొత్తం మీద ఈ వేటజంతువుల్ని లేకుండా చేస్తామని ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం ఎంత ముందుకు పోతుందన్నదే నాకు గుడ్ల కన్నా పెద్ద ప్రశ్న.

అడవిబాట:
మాస్టారూ, నేల ముఖ్యమే, కాదనను. కానీ నేల సిద్ధమయ్యేలోపు పక్షి ఉండాలి కదా! రమణిగారూ, మీరు చెప్పినవి చేయి ఎక్కువైనప్పుడు జరిగిన నష్టాలు. చేయి లేకపోతే జరిగేదీ చెప్పండి. తండ్రి గూటి వైపు తొంగి కూడా చూడదు. తల్లి ఒక్కతే పొదుగుతుంది, రాత్రి మేతకు వెళ్తే గుడ్లు చల్లబడతాయి. ఒకప్పుడు గూటి గుమ్మం దగ్గర కంటికి కనబడని కాంతిపుంజం ఏర్పాటు చేసి, తల్లి బయటికి రాగానే గుడారంలో గంట మోగేలా పెట్టేవాళ్లు. వెంటనే ఒక మనిషి లేచి వెళ్లి గుడ్ల మీద వెచ్చటి గుడ్డ కప్పేవాడు. తల్లి తిరిగి వచ్చేలోపు తీసేయాలి. రాత్రుళ్లు చలిలో, వానలో అలా కాపలా కాసినవాళ్ల వల్లే ఈ చర్చ చేయడానికి మనకొక పక్షి మిగిలింది. ఇప్పుడు వదిలేస్తే ఆ కష్టమంతా ఏమైనట్టు?

రమణి_పశువైద్యం:
ఆ కష్టం వృథా కాలేదండీ. 51 ఉన్నప్పుడు ఒక్క గుడ్డు పోయినా జాతికే నష్టం, అప్పుడు ఆ కాపలా సరైనది. 240 దగ్గర ఉన్నప్పుడు ప్రశ్న మారుతుంది. ఎన్ని పిల్లలు అన్నదాని కన్నా ఎవరి పిల్లలు అన్నది ముఖ్యమవుతుంది.

వీటి జత కట్టే తీరు గమనించండి. మగది కొండమీద నేలను గిన్నెలా తవ్వుకుని, ఆకూ అలమూ లేకుండా దారి శుభ్రం చేసుకుని, ఛాతీ ఉబ్బించి గుమ్ గుమ్ అంటుంది. రాత్రికి ఎనిమిది గంటల దాకా, అలా రెండు మూడు నెలలు. ఆ మోత కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. ఆడవి నడిచి వచ్చి నచ్చినదాన్ని ఎంచుకుంటాయి. దాంతో కొద్ది మగపక్షులే అందరికీ తండ్రులవుతాయి. బ్లేడ్స్ అనే ఒక్క మగపక్షి 20కి పైగా పిల్లలకు తండ్రయ్యాక దాన్ని ఆడవి లేని దీవికి తరలించాల్సి వచ్చింది. మిగతా మగవాటి రక్తం కలవకుండా పోతోందన్నమాట. పైగా పెట్టిన గుడ్లలో పదింటికి నాలుగు మురిగిపోతాయి. మురిగిన గుడ్డును ఎంత వెచ్చగా పొదిగినా పిల్ల రాదు.

అందుకే నా వాదన ఇది. చేయి పెట్టాల్సింది గుడ్డు పెట్టకముందు. ఈ పక్షుల్లో దాదాపు అన్నీ స్టివార్ట్ దీవి నుంచి వచ్చినవే. దక్షిణ దీవి నైరుతి కొసలోని ఫియోర్డ్‌ల్యాండ్ నుంచి ప్రాణంతో మిగిలింది ఒక్కటే, 1975లో దొరికిన మగపక్షి. దానికీ రిచర్డ్ హెన్రీ అనే పేరు పెట్టారు. 1998లో ఫ్లాసీ అనే ఆడదానితో కలిసి మూడు పిల్లల్ని ఇచ్చింది, 2010లో చనిపోయింది. ఆ మూడింటి వంశం నిలబెట్టడానికి కృత్రిమ గర్భధారణ చేయాలంటే చేయండి, నేను చేతులెత్తి సమర్థిస్తాను. 2009లో అది మొదటిసారి ఫలించింది. 2019లో ఆలస్యం కాకుండా వీర్యాన్ని డ్రోన్‌లో పంపారు. సహజంగా జత కట్టిన ఆడదానికి ఇది రెండో జతలా కూడా పనికొస్తుంది, గుడ్డు ఫలించే అవకాశం పెరుగుతుంది.

కానీ బ్లేడ్స్ వంశంలో నాలుగో మనవడి కోసం గుడ్డు తీసి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, పిల్లకు నెలల తరబడి చేత్తో మేత పెట్టడం ఎందుకు? దాన్ని తల్లికే వదలండి. తల్లి పెంచితే ఏ పండు తినాలో, ఎక్కడ దాక్కోవాలో పక్కనుండి నేర్చుకుంటుంది. కొన్ని పిల్లలు చనిపోతాయి, అది నాకూ బాధే.

కడప_పక్షి:
రమణక్కా, ఒక్క సందేహం. గూట్లో మూడు పిల్లలున్నాయి, రిము పండు మధ్యలో రాలిపోయింది, చిన్నపిల్ల బరువు రోజురోజుకీ తగ్గుతోంది. తూకం చూసిన మనిషి చేతులు కట్టుకుని నిలబడాలా?

రమణి_పశువైద్యం:
లేదు తమ్ముడూ. మిగతా రెండూ బాగుంటే, పిల్లల్ని కోల్పోయిన తల్లి గానీ ఒక్క పిల్లతో ఉన్న తల్లి గానీ పక్కన ఉందేమో ముందు చూడాలి. ఉంటే రాత్రికి రాత్రే ఆ గూట్లోకి మార్చాలి, అవి సాధారణంగా ఒప్పుకుంటాయి. అలాంటి తల్లి లేకపోతే, ఆ పిల్ల అరుదైన వంశానిదైతే చేత్తో పెంచాలి. కాకపోతే వదిలేయాలి. ఆ నిర్ణయం ఆ రాత్రి గూటి ముందు నిలబడి కాకుండా, సీజన్ మొదలవకముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. లేకపోతే పిల్లను చేతిలోకి తీసుకున్నాక ఎవరూ వదల్లేరు.

అడవిబాట:
ఆ చివరి నిబంధన మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను. అరుదైన వంశం కాదని ఒక పిల్లను వదలమంటున్నారు. ఇవాళ మామూలు వంశం అనుకున్నది, రేపు ఇంకో జబ్బు వచ్చి సగం పక్షులు పోతే, అరుదైనదే అవుతుంది కదా? దీనికి మీ జవాబు కావాలి.