డబ్బు కట్టే వృద్ధాశ్రమంలో భద్రత లేకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి? (తిరుపతి)

మా పెద్దమ్మ తిరుపతిలో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో ఉంటోంది. వయసు 78. బీపీ, షుగర్ ఉన్నాయి, వాకర్ లేనిదే నడవలేదు.

పగలు ఫర్వాలేదు. టెన్షనంతా రాత్రిపూటే. ఎనిమిదిన్నరకల్లా మొదటి అంతస్తు గ్రిల్‌కు తాళం వేసేస్తారు, తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. పైన ఇరవై మందికి పైగా పెద్దవాళ్లు, వాళ్లందరికీ ఒక్క ఆయా. ఏ షార్ట్ సర్క్యూటో అయితే వాళ్లు కిందికి దిగేదెలా? బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ లేదు. పోయిన నెల తెల్లవారుజామున నాలుగింటికి పెద్దమ్మ అక్కడే జారిపడితే, మాకు కబురు తొమ్మిదికి వచ్చింది. నాకు అన్నిటికంటే భయం మాత్రల గురించి. చిన్న స్టీలు గిన్నెల్లో వేసి వరసగా పెడతారు. గిన్నెల మీద పేర్లుండవు, ఎవరికి ఏది ఇచ్చారో రాసిపెట్టే పుస్తకమూ లేదు.

మేనేజర్‌కు నోటితో చెప్పాం, తర్వాత కాగితం మీద రాసిచ్చాం. “నచ్చకపోతే తీసుకెళ్లండి” అన్నారు. కడ్డీ మా ఖర్చుతో బిగిస్తామన్నా ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అడిగితే చూపించలేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ అయిన ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేసి వివరాలు ఇచ్చాం. 2007 వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్దామంటే, అది ప్రధానంగా పోషణ ఖర్చుల కేసులకని తెలిసిన లాయరు చెప్పారు. వేరే ఆశ్రమాలు చూశాం, వాకర్‌తో నడిచేవాళ్లను చేర్చుకోమంటున్నారు.

తిరుపతి, చిత్తూరు వైపు ఇలాంటి ఫిర్యాదు చేసినవాళ్లు ఉంటే చెప్పండి: ప్రైవేటు ఆశ్రమానికి వచ్చి తనిఖీ చేసి, లోపాలు సరిచేయమని ఆదేశించే అధికారం ఏ ఆఫీసుకు ఉంది?