కోత లేని శవపరీక్ష: సీటీ స్కాన్ ఎంతవరకు సరిపోతుంది?

ప్రశ్న:
మృతదేహాన్ని కోయకుండా, సీటీ స్కాన్‌తోనే మరణకారణాన్ని తేల్చే పద్ధతిని ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021లో ప్రారంభించారని చదివాను. సాధారణ శవపరీక్షకు ఇది పూర్తి ప్రత్యామ్నాయం కాగలదా, లేక కొన్ని రకాల మరణాలకే పరిమితమా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అది మరణం ఎలా జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుందండీ. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 1990ల చివర ‘వర్టాప్సీ’ పేరుతో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి, విరిగిన ఎముకలను, ఒంట్లో మిగిలిన తూటా ముక్కలను, రక్తనాళాల్లో చేరిన గాలిని చాలా స్పష్టంగా చూపిస్తుంది. కోత పెట్టగానే ఆ గాలి చెదిరిపోతుంది కనుక, దాన్ని ముందే స్కాన్‌లో పట్టుకోవడం ప్రత్యేకించి విలువైనది. పైగా దహనం జరిగిపోయాక కూడా మరో నిపుణుడు ఆ చిత్రాలను తిరిగి పరిశీలించవచ్చు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో 182 మృతదేహాలపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మరణకారణం విషయంలో సీటీకీ శవపరీక్షకూ 32 శాతం కేసుల్లో పెద్ద తేడా వచ్చింది. ఎమ్మారైకైతే అది 43 శాతం. గుండె ధమనుల జబ్బు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ వంటివి తప్పిపోయాయి. మృతదేహంలో రక్తప్రసరణ ఉండదు కాబట్టి కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా ఎక్కించేది) దానంతటదే పాకదు, పంపుతో ఎక్కించాలి. ఇక విషప్రయోగమని అనుమానముంటే విసరా (లోపలి అవయవాల) నమూనాలు ప్రయోగశాలకు వెళ్లాల్సిందే.

జవాబు 3:
దేహం కుళ్లేటప్పుడు పుట్టే వాయువు కూడా స్కాన్‌లో గాలిలాగే కనిపిస్తుంది కనుక, ఆలస్యంగా దొరికిన దేహాల విషయంలో మొదటి జవాబును జాగ్రత్తగా అన్వయించుకోవాలి.